మామయ్య సైన్సు కబుర్లు: కాలి కింది పెట్టె



పోయిన నెల నేను వేసిన ప్రశ్న జ్ఞాపకం ఉన్నదా? "మెరుపు ముందు కనబడి, ఉరుము తరవాత ఎందుకు వినబడుతుంది?" అని అడిగాను. చాలామంది సరిగానే రాశారు. వెలుగు సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పరిగెత్తుతుంది. చప్పుడు గాలిలో సెకనుకు ఇంచుమించు 340 మీటర్లే పోగలదు. అందుచేత మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు గడిస్తే, పిడుగు మనకు ఒక కిలోమీటరు దూరాన పడ్డదన్నమాట. ఈ 340 అనే అంకెను మరిచిపోకండి. ఈ నెల కూడా దానితో పని పడుతుంది.

మొన్న శ్రీరామనవమికి మా చెల్లెలి ఊరు జగ్గయ్యపేట వెళ్లాను. బెజవాడలో ఎక్కిన బస్సు కీసర దగ్గర మునేరు దాటి, నందిగామ మీదుగా మెట్ట పొలాల మధ్య హైదరాబాదు రోడ్డు పట్టుకుని పోతుంది. ఇదంతా ఎన్నో ఏళ్లు కృష్ణాజిల్లా. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది. జగ్గయ్యపేటలో గుట్ట మీద రెండువేల ఏళ్లనాటి బౌద్ధ స్తూపం ఉన్నది. 1882లో బర్జెస్ దొర అక్కడ తవ్వకాలు జరిపించాడు. ఆ కథ ఇంకొకసారి చెబుతాను. ఈసారి నేను చెప్పబోయేది ఆ ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద జరిగిన కథ.

నేను వెళ్లేసరికి మా మేనల్లుడు అరుగు మీద గిటారు ఒళ్లో పెట్టుకుని, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. వాడు నందిగామలో ఇంటర్మీడియటు చదువుతున్నాడు. ఎప్పుడూ నా సంచీ లాక్కోవడానికి పరిగెత్తుకొచ్చే మేనకోడలు ఈసారి రాలేదు. తలుపు చాటున నిలబడి చూస్తున్నది. ఏడో తరగతి పిల్ల, నోరు మూసుకుని నిలబడగా ఎన్నడూ చూడలేదు.

"ఏమిట్రా, ఏం జరిగింది?" అన్నాను.

"నా పెట్టె చచ్చిపోయింది మామయ్యా! ఎల్లుండి రాత్రి పందిట్లో మేము వాయించాలి. ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు వాడు.

వాడి కాళ్ల దగ్గర సబ్బుపెట్టెకన్న కాస్త పెద్దవి, ఇనప డబ్బాలవంటివి మూడు ఉన్నాయి. వీటిని పెడల్స్ అంటారు. గిటారు నుంచి వచ్చే తీగను ఈ పెట్టెలో గుచ్చి, ఈ పెట్టె నుంచి ఇంకొక తీగను స్పీకరుండే ఆంప్లిఫయరుకు కలుపుతారు. చేతులు తీగల మీద ఉంటాయి గనక, పెట్టెను కాలితో నొక్కుతారు. నొక్కగానే గిటారు గొంతు మారిపోతుంది. మూడింటిలో రెండు నందిగామ స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చినవి. మూడోది వాడి సొంతం. రెండు వేసవి సెలవులు ఎరువుల కొట్టులో లెక్కలు రాసి కూడబెట్టిన డబ్బుతో కొన్నది. పలకడం మానింది అదే.

పిల్లల తాతగారు పడక కుర్చీలోంచే, "పోతే పోయిందిలే! తీగ పలకాలి గాని పెట్టె పలికితే అదేం సంగీతం? అది దొంగపాట" అన్నారు.

వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టె పోయినందుకన్న ఈ మాటే వాడిని ఎక్కువ బాధ పెట్టిందని నాకు తోచింది.

"ఆగరా! ముందు ఈ పెట్టెలు ఏం చేస్తాయో తెలుసుకుందాం. పాట దొంగదో, దొరదో తరవాత తేలుద్దాం," అన్నాను. వీధిలో పిల్లలు నలుగురైదుగురు అరుగెక్కారు. మేనకోడలు మాత్రం తలుపు చాటునే ఉన్నది.

ముందు గిటారు సంగతి. వీణకు పనసచెక్కతో చేసిన కుండ ఉంటుంది. తీగ మీటితే ఆ కుండ కంపించి చప్పుడును పెద్దది చేస్తుంది. కరెంటు గిటారుకు బోలు పొట్ట ఉండదు, గట్టి చెక్క. అందుకని తీగల కింద ఒక అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దీన్ని పికప్ అంటారు. పైనున్న ఉక్కు తీగ ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం కూడా కదులుతుంది. అది కదిలితే రాగిచుట్టలో కరెంటు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. గిటారులో 'ఎ' తీగ సెకనుకు 110 సార్లు ఊగుతుంది. కరెంటు కూడా అలాగే సెకనుకు 110 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే పాట కరెంటు వేషం వేసుకున్నదన్నమాట. స్పీకరు దగ్గర ఆ వేషం విప్పి మళ్లీ చప్పుడవుతుంది. ఈ రెంటికీ మధ్య దారిలో కూర్చుని, వేషంలో ఉన్న పాటకు ఇంకాస్త రంగు పూసేదే పెడల్.

మేనల్లుడు బాటరీతో నడిచే మొదటి పెట్టెను తొక్కాడు. అంతదాకా ఖంగుమంటున్న తీగ ఒక్కసారి "గర్ర్" మన్నది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు.

"పందిట్లో మైకు సెట్టును మరీ పెద్దది చేస్తే మాట బొంగురుపోతుంది, విన్నారా? ఇది అదే!" అన్నాను.

ఎందుకలా అవుతుందో చెబుతాను. చప్పుడు కరెంటు నీటి అలలాగా పైకి లేచి కిందికి దిగుతూ ఉంటుంది. పూరిపాకలో పొడుగాటి మనిషి నిటారుగా నిలబడగలడా? తల కప్పుకు తగిలి వంగుతాడు. అలాగే యంత్రం ఇవ్వగలిగిన దానికన్న ఎత్తుగా అల లేస్తే, దాని తల తెగి చదునైపోతుంది. గుండ్రని అల మూలలున్న అల అవుతుంది. ఆ మూలల వల్ల కొత్త స్వరాలు పుడతాయి: 110తో పాటు 330, 550, ఇంకా పైవి. ఇవన్నీ కలిసి వినబడేటప్పటికి గొంతు గరగరలాడుతుంది. ఈ పెట్టెలో కప్పును కావాలనే కిందికి దింపి పెడతారు.

దీని పుట్టుక విచిత్రమైనది. అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ అనే ఆయన గిటారు వాయిస్తున్నాడు. ఆయన వాద్యం కలిపిన యంత్రంలో లోపం వచ్చి, వాద్యం బరబరమన్నది. తీసిపారేయవలసిన ఆ ముక్కను అలాగే ఉంచి 1961లో పాట విడుదల చేశారు. జనానికి తెగ నచ్చింది! గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ఆ బరబరను కావాలన్నప్పుడు పుట్టించే పెట్టె తయారుచేశాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని 'ఫజ్ టోన్' అనే పేరుతో అమ్మింది. మొదట అంతగా గిరాకీ లేదు. 1965లో ఇంగ్లండులోని రోలింగ్ స్టోన్స్ అనే బృందం ఒక పాటలో వాడిన తరవాత కొట్లలో సరుకు మిగల్లేదు.

"అయితే చెడిపోవడం కూడా మంచిదే నన్నమాట!" అన్నాడొక కుర్రవాడు. మేనల్లుడు తన చచ్చిపోయిన పెట్టెకేసి చూసి నిట్టూర్చాడు.

రెండో పెట్టె ఆకారం వేరు. కుట్టుమిషను కింది పలకలాగా మడమతో ఒకసారి, మునివేళ్లతో ఒకసారి తొక్కాలి. తొక్కుతుంటే గిటారు "వా... వా..." అని చంటిపిల్లలాగా ఏడిచింది. దీనిపేరు కూడా 'వా' పెడలే.

మీరంతా ఇప్పుడొక పని చెయ్యండి. నోరు సున్నాలా చుట్టి "ఊ" అనండి. ఊపిరి ఆపకుండా, నెమ్మదిగా నోరు తెరుస్తూ "ఆ" లోకి రండి. స్థాయి మార్చకండి. ఊ... ఆ... ఊ... ఆ... విన్నారా? గొంతులో తీగ ఒకటే, నోరు ఆకారం మారింది. నోరు చుట్టినప్పుడు పై స్వరాలు లోపలే అణిగిపోతాయి, తెరిచినప్పుడు బయటికొస్తాయి. పెట్టెలో జల్లెడవంటి ఏర్పాటు ఉన్నది. మడమ నొక్కితే కింది స్వరాలను, వేళ్లు నొక్కితే పై స్వరాలను ముందుకు తోస్తుంది. 1966లో కాలిఫోర్నియాలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు ఆంప్లిఫయరులో ఒక మీటను మార్చి, దాని స్థానంలో తిప్పే బిరడా పెడుతూ ఈ శబ్దం విన్నాడు. ఆర్గన్ వాద్యపు కాలిపలకలో దాన్ని అమర్చేటప్పటికి పెడల్ తయారయింది.

"మూడోది ఏం చేస్తుంది అన్నయ్యా?" అని ఒక పిల్ల అడిగింది.

మేనల్లుడు సమాధానం చెప్పలేదు. నేను పిల్లలందరినీ వెంటబెట్టుకుని ఊరి చివర మిరపకాయల గోదాము దగ్గరికి తీసుకుపోయాను. గోడ ఎత్తుగా, బోసిగా ఉన్నది. దాని నుంచి 85 మీటర్లు అడుగులతో కొలిచి నిలబడ్డాము. గట్టిగా ఒక చప్పట కొట్టాను. కాసేపటికి గోడ తిరిగి కొట్టింది!

ఇప్పుడు మన 340 బయటికి తీయండి. చప్పుడు గోడ దాకా 85 మీటర్లు పోవాలి, మళ్లీ 85 రావాలి. మొత్తం 170. సెకనుకు 340 చొప్పున ఎంతసేపు? సరిగ్గా అరసెకను. మూడో పెట్టె చేసేది ఇదే. గోడ లేకుండా, 85 మీటర్లు నడవకుండా, అరచేతంత డబ్బాలో అరసెకను ప్రతిధ్వని పుట్టిస్తుంది. బిరడా తిప్పితే గోడ దగ్గరికి వస్తుంది, దూరం పోతుంది.

అంత చిన్న డబ్బాలో చప్పుడు అరసెకను ఎక్కడ దాక్కుంటుంది? మొదట్లో టేపు వాడేవారు. ఒక చోట టేపు మీద పాట రాసి, కాస్త దూరాన చదివేవారు. టేపు ఆ దూరం జరిగేసరికి ఆలస్యమయ్యేది. 1969లో ఫిలిప్స్ కంపెనీకి చెందిన సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఇంకో ఉపాయం పన్నారు. ఇల్లు కట్టేటప్పుడు కూలీలు వరసగా నిలబడి ఇటుకలు అందించుకోవడం చూశారా? మొదటివాడి చేతిలోని ఇటుక చివరివాడికి చేరడానికి కొంత సేపు పడుతుంది. అలాగే వందల కొద్దీ చిన్న చిన్న కరెంటు గిన్నెలను వరసగా పెట్టి, చప్పుడును ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి వంచుతూ పోతారు. చివరి గిన్నెకు చేరేసరికి ఆలస్యమై, ప్రతిధ్వని తయారు! ఈ రోజుల్లో చాలా పెట్టెలు చప్పుడును అంకెలుగా మార్చి జ్ఞాపకం పెట్టుకుంటాయి. సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలు రాసినట్టే, ఇక్కడా వేలసార్లు కొలుస్తారు.

తిరిగి వస్తుంటే ఇంకొన్ని పెడల్స్ సంగతి అడిగారు. తిరిగే బల్లఫాను ముందు కూర్చుని "ఆ..." అంటే గొంతు వణుకుతుంది గదా? చప్పుడు పెద్దదీ చిన్నదీ అవుతూ ఉండడమే ఆ వణుకు. ట్రెమొలో పెడల్ అదే చేస్తుంది. భజనలో పదిమంది ఒకే చరణం ఎత్తుకుంటే గొంతు నిండుగా ఉంటుంది. ఎందుకంటే ఏ ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణాన, ఒకే స్థాయిలో పాడలేరు. ఆ కొద్దిపాటి తేడాయే నిండుదనం. కోరస్ పెడల్ ఒక గిటారుకు నకలు తీసి, సెకనులో యాభయ్యో వంతు ఆలస్యం చేసి, దాని స్థాయిని కొద్దిగా ఊపి, మళ్లీ అసలు దానిలో కలుపుతుంది. ఒక్కడు వాయిస్తే ఇద్దరు వాయించినట్టుంటుంది. జపానులో ఫుమియో మియెదా అనే ఇంజనీరు రేడియోలో మాస్కో స్టేషను గొంతు అలలు అలలుగా తేలిపోతూ రావడం విని, ఆ తేలిపోవడాన్నే పెట్టెలో బంధించాడు. యూనివైబ్ అనే ఆ పెట్టె 1960ల చివర వచ్చింది.

ఇంటికి చేరేసరికి మేనకోడలు వీధి గుమ్మంలో నిలబడి ఉన్నది. నా చెయ్యి పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయింది.

"మామయ్యా! ఒక మాట చెబుతాను, అన్నయ్యతో చెప్పవుగా?"

"ఏమిటమ్మా?"

"పెట్టె నేనే పాడుచేశాను. అన్నయ్య లేనప్పుడు వాయించి చూద్దామనిపించింది. అన్నయ్య అడాప్టరు నందిగామలో సంచీలో ఉండిపోయింది. నా పాత ఆట కీబోర్డుది గుచ్చాను. అందులోనూ 9 వోల్టులనే రాసి ఉన్నది మామయ్యా! సరిగ్గా పట్టింది కూడానూ. కాస్త కాలిన వాసన వచ్చింది. భయమేసి తీసేశాను." అంటూ బావురుమన్నది.

నేను ఆ రెండు అడాప్టర్లూ తెప్పించి చూశాను. రెంటి మీదా 9 వోల్టులనే ఉన్నది. కాని దాని పక్కన ఒక చిన్న బొమ్మ ఉంటుంది, ఎవరూ చూడరు. నడుమ చుక్క, చుట్టూ విరిగిన వలయం, ఇటొక ప్లస్సు, అటొక మైనస్సు. పెడల్స్‌కు సాధారణంగా నడుమ మైనస్సు, బయట ప్లస్సు ఉండాలి. కీబోర్డు అడాప్టరుకు నడుమ ప్లస్సు, బయట మైనస్సు! అంటే కరెంటు తలకిందులుగా వెళ్లిందన్నమాట. చిరంజీవులారా, పట్టిన తాళంచెవల్లా తాళం తియ్యదు. వోల్టులు ఒకటే అయినా ఈ బొమ్మ చూడనిదే దేన్నీ గుచ్చకండి. గోడకరెంటుతో నేరుగా నడిచే వస్తువుల మూతలు మాత్రం పెద్దవాళ్లు లేకుండా ఎన్నడూ విప్పకండి.

"అమ్మాయీ, నేను చెప్పను. కాని నువ్వు చెబితే పెట్టె బతికే అవకాశం ఉన్నది. వైద్యుడికి రోగి ఏం తిన్నాడో తెలియాలి గదా?" అన్నాను.

ఆ పిల్ల చాలాసేపు బావిగట్టున కూర్చున్నది. తరవాత లేచి, కళ్లు తుడుచుకుని, తిన్నగా అరుగు మీదికి పోయి అన్నతో ఉన్నదంతా చెప్పేసింది. వాడు ఏమీ అనలేదు. అరవలేదు, కొట్టలేదు. గిటారు పక్కన పెట్టి వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మరునాడు పొద్దున ముగ్గురమూ బజారులో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి పోయాము. రేడియోల కాలం నుంచీ ఆయన అదే కొట్టులో కూర్చుంటున్నాడు. మేనల్లుడు తన సొంత అడాప్టరు గుచ్చి చూపించాడు. గుచ్చగానే అడాప్టరు మీది చిన్న దీపం ఆరిపోయింది. తీస్తే మళ్లీ వెలిగింది.

"దీపం ఆరిందంటే కరెంటంతా లోపల ఎక్కడో అడ్డదారిన పోతున్నది. ఎక్కడో వెదకాలి. ఇంతకూ దీనికేం జరిగింది?" అన్నాడాయన.

మేనల్లుడు మాట్లాడలేదు. చెల్లెలే ముందుకొచ్చి, "తాతగారూ, నేను తలకిందుల అడాప్టరు గుచ్చాను," అన్నది.

ముసలాయన మొహం విప్పారింది. "ఇంకేం తల్లీ, రోగం దొరికింది! ఈ మాట తెలియకపోతే సాయంత్రం దాకా పెట్టెంతా గాలించవలసి వచ్చేది," అని మరమేకులు విప్పి, లోపల కరెంటు వచ్చే చోటునే ఉన్న ఒక నల్లని చిన్న గొట్టాన్ని చూపించాడు. బియ్యపు గింజకన్న కాస్త పెద్దది.

అది డయోడు. డయోడంటే ఒకవైపుకే తెరుచుకునే తలుపు. కరెంటు సరైన దారిన వచ్చినప్పుడు అది మూసుకుని, మూలన ఊరికే కూర్చుంటుంది. తలకిందులుగా వచ్చినప్పుడు మాత్రం చటుక్కున తెరుచుకుని, ఆ తప్పు కరెంటునంతా తనలోంచే పోనిస్తుంది. లోపలున్న సున్నితమైన భాగాల దాకా పోనివ్వదు. అలా పోనిచ్చి పోనిచ్చి, వేడెక్కి తాను కాలిపోయింది. కాలిపోతూ తలుపు తెరిచినట్టే బిగుసుకుపోయింది. అందువల్ల సరైన కరెంటు వచ్చినా అదే తలుపున పోతున్నది, పెట్టెకు అందడం లేదు.

ముసలాయన దాన్ని ఊడదీసి, కొత్తది పెట్టి టంకం వేశాడు. దాని ఖరీదు రెండు మూడు రూపాయలు. గుచ్చగానే పెట్టె మీది ఎర్రదీపం వెలిగింది. మా మేనకోడలి మొహం అంతకన్న ఎక్కువ వెలిగింది.

దారిలో మేనల్లుడు అన్నాడు: "మామయ్యా, నిన్న రాత్రి నిద్రపట్టక ఉత్త గిటారు వాయించాను. నాకు తాళం తప్పుతున్నది. ఇన్నాళ్లూ ప్రతిధ్వని కప్పేసేది, నాకు వినబడలేదు. తాతయ్య అన్నది నిజమేనేమో!"

"సగం నిజం," అన్నాను. ఆ సాయంత్రం పిల్లల తాతగారి పక్కన కూర్చుని ఒక కథ చెప్పాను. అది మీకూ చెబుతాను.

పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో ఒక పిల్లవాడు పుట్టాడు, ఉప్పలపు శ్రీనివాస్. మాండొలిన్ వాయించేవాడు. అది పడమటి దేశాల వాద్యం. మీటితే టింగుమని వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో స్వరాన్ని ఊపుతూ సాగదీయాలి గదా, ఆరిపోయే తీగతో గమకం ఎలా పలుకుతుంది? ఆ పిల్లవాడు కరెంటు మాండొలిన్ పట్టుకున్నాడు. జంటలుగా ఉండే ఎనిమిది తీగలు మాని, ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నాడు. ఆరిపోయే చప్పుడును ఆంప్లిఫయరు నిలబెట్టింది. 1978లో, తొమ్మిదేళ్ల వయసున, మన కృష్ణాజిల్లా గుడివాడలోనే త్యాగరాజ ఆరాధనలో కచ్చేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే పోయినా, మాండొలిన్ పేరు చెబితే ఆయన పేరు కలిపే చెబుతారు. కరెంటు ఆయనకు చప్పుడు ఇచ్చింది. కాని గమకం ఇచ్చింది వేళ్లే.

తాతగారు చాలాసేపు ఊరుకుని, "ఆయన కచ్చేరీ రేడియోలో విన్నాను. అది కరెంటుదని నాకు తోచనే లేదు," అన్నారు. తరవాత మనవణ్ణి పిలిచి, "నవమి నాడు ముందు ఒక పాట పెట్టె లేకుండా వాయించు. తాళం నేను వేస్తాను. ఆ తరవాత నీ పెట్టెలన్నీ తొక్కుకో!" అన్నారు.

నవమి రాత్రి పందిట్లో పానకం, వడపప్పు పంచారు. మేనల్లుడు మొదటి పాట ఉత్త గిటారు మీద వాయించాడు. తాతగారు తొడ మీద తాళం వేస్తూనే ఉన్నారు. ఒకచోట తప్పాడు, సర్దుకున్నాడు. రెండో పాటకు పెట్టెలు వరసగా పెట్టాడు: ముందు గరగర పెట్టె, దాని తరవాత ప్రతిధ్వని పెట్టె. వరస మారిస్తే ప్రతిధ్వనులన్నీ కలిసి గరగర పెట్టెలో పడి ముద్దయిపోతాయి. పప్పు ఉడికాక తాలింపు పెడతాం గాని, తాలింపులో పప్పు ఉడకబెట్టం గదా!

తీరా చూస్తే ప్రతిధ్వని పెట్టె వాడి కాలి దగ్గర లేదు. కాస్త దూరంగా, చెల్లెలి ముందున్నది. చరణం చివర వాడు ఆమెకేసి తల ఊపాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి పాదంతో నొక్కింది. తీగ పలికిన స్వరం ఒకటి, రెండు, మూడు సార్లు పందిరంతా తిరిగి, మెల్లిగా చీకట్లోకి వెళ్లిపోయింది.

మరునాడు నేను బస్సెక్కేముందు చూశాను. రెండు అడాప్టర్లకూ తెల్లకాగితం చీటీలు అతికించి ఉన్నాయి. ఒకదాని మీద 'పెట్టెది' అనీ, రెండోదాని మీద 'కీబోర్డుది, దీనితో జాగ్రత్త!' అనీ. అక్షరాలు చెల్లెలివి. కింద ప్లస్సు, మైనస్సుల బొమ్మ గీసింది అన్న.

ఈ నెల ప్రశ్న: కుళాయి కింద బిందె పెట్టి నీళ్లు పడుతున్నప్పుడు చప్పుడు మొదట బొంగురుగా ఉండి, బిందె నిండుతున్నకొద్దీ సన్నగా, పై స్థాయికి పోతుంది. కళ్లు మూసుకున్నా బిందె నిండిందని మీకు తెలిసిపోతుంది. ఎందుకని? ఊహించడం కాదు, మీ ఇంట్లో బిందె పెట్టి, విని, మరీ రాయండి. జవాబు వచ్చే నెల.

మీ మామయ్య